అక్కను మొదటిసారి పిస్టల్ రేంజ్‌కు తీసుకెళ్తున్నా, ఆ రోజు ఏం చేయించాలి?

కొర్లగుంట తమ్ముడు

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా పది మీటర్ల ఎయిర్ పిస్టల్ వేస్తున్నా. పెద్ద స్కోర్లేమీ లేవు గానీ వారానికి మూడు రోజులు రేంజ్ మానను. ఈ ఆదివారం మా అక్కను మొదటిసారి తీసుకెళ్తున్నా, అందుకే అడుగుతున్నా.

అక్కకు 43. తిరుపతి కొర్లగుంటలో బ్లౌజులు కుట్టే షాపు నడుపుతుంది. 2024 జులై 28న, అదీ ఆదివారమే, మధ్యాహ్నం పారిస్ ఒలింపిక్స్ ఎయిర్ పిస్టల్ ఫైనల్ వస్తుంటే మిషను ఆపేసి నా ఫోన్ తీసుకుని చూసింది. మను భాకర్‌కు కాంస్యం ఖాయమయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘ఆ పిల్ల చెయ్యి చూడరా, రవ్వంత కూడా వణకలేదు’ అంది. అప్పట్నుంచి నెలకోసారైనా ‘నేనూ ఒకసారి పట్టుకుని చూడొచ్చా’ అని అడుగుతూనే ఉంది. ఇన్నాళ్ళూ వాయిదా వేశాను. అది తప్పని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆమె జీవితంలో తుపాకీ ముట్టుకోలేదు. చప్పుడంటే భయం. సూదిలో దారం ఎక్కించాలంటే అద్దాలు పెట్టుకుంటుంది. నా పిస్టల్ గ్రిప్, అంటే చేత్తో పట్టుకునే చెక్క పిడి, మీడియం సైజు, ఆమె చెయ్యి చిన్నది. ఒక ఫొటో దిగి ఇంటికొచ్చేసే రోజు కాకూడదని నా ఆశ. మళ్ళీ రావాలని తనకే అనిపించాలి. మొదటి గంట ఎలా గడపాలో చెప్పండి.

చంద్రగిరి హెడ్డు

అబ్బయ్యా, నేను ఏఆర్‌లో, అంటే సాయుధ రిజర్వు పోలీసులో, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయినోణ్ణి. కల్యాణి డ్యామ్ కాడ పోలీసు ట్రైనింగ్ కాలేజీలో చానా బ్యాచ్‌లకు ఫైరింగ్ లైన్ మీద నిలబడినా. మాది 9 ఎంఎం, మీది గాలి పిస్టల్. అయినా మొదటి అరగంట రెండింటికీ ఒకటే.

ఆమె చేతికి పిస్టల్ ఇయ్యకముందు తావు చూపించు. ఫైరింగ్ లైన్ ఇది, దీన్ని దాటి ఎవురైనా ముందుకు పోతే పిస్టళ్ళన్నీ బల్ల మీద ఉండాల, గొట్టంలో సేఫ్టీ ఫ్లాగ్, అంటే ఖాళీగా ఉందని చూపించే రంగు తీగ, దూరుండాల అని చెప్పు. ‘లోడ్’, ‘స్టార్ట్’, ‘స్టాప్’, ‘అన్‌లోడ్’ అనే నాలుగు మాటలకు ఏం చేయాల్నో నువ్వు చేసి చూపించు. ఆమె చేత నోటితో చెప్పించుకో. ‘అర్థమైందా’ అని అడిగితే ఎవురైనా అయిందనే అంటారు.

కొత్తోళ్ళు చేసే తప్పు నేను ఒకటే చూసినా, వందసార్లు చూసినా. బాగా తగిలిందంటే సంతోషంతో ‘చూసినావా’ అని పిస్టల్‌తో సహా ఎనక్కి తిరుగుతారు. అందుకని నువ్వు ఆమె కుడిచేతి పక్కన, రొంత ఎనకాల నిలబడు. తిరగబోతే మణికట్టు అందుకునేంత దూరంలో ఉండాల. గొట్టం ఎప్పుడూ టార్గెట్ తట్టే. మాట్లాడాలంటే ముందు బల్ల మీద పెట్టి, తర్వాత తిరగాల. వేలు ట్రిగ్గర్ గార్డు బయట, చెక్క మీద పొడుగ్గా ఆనించి ఉండాల. సైట్లు, అంటే పిస్టల్ పైన గురి చూసేదానికి ఉండే ఎనక గాడీ ముందు ముక్కా, టార్గెట్ కిందికి వచ్చినాకనే వేలు లోపలికి పోవాల.

గాలిదే గదా అని తేలిగ్గా తీసుకోబాకు. దీంట్లో వేసే చిన్న గుండు, పెల్లెట్ అంటారు, తగిలితే కన్ను పోతాది. టార్గెట్ ఎనకాల ఉండే ఇనపపెట్టెకు తగిలి తునకలు ఎనక్కి రావచ్చు, అందుకని ఇద్దరూ అద్దాలు పెట్టుకోండి.

పది పాయింట్ తొమ్మిది

హెడ్డు గారు చెప్పినది అయ్యాక నా మాట చెప్తానన్నా. నేను యూనివర్సిటీలో చదువుతున్నా, ఎయిర్ పిస్టల్‌లో ఇది ఐదో ఏడు.

మొదటి రోజు టార్గెట్ కార్డును తిప్పి పెట్టండి. తెల్ల వైపు కనపడాలి. నల్ల గుండ్రం కనిపిస్తే చాలు, ఎవరి కళ్ళయినా దాని మీదికే పోతాయి, సైట్లు మసకబారతాయి. తెల్ల కాగితం మీద చూడటానికి సైట్లు తప్ప ఇంకేమీ ఉండదు. వెనక సైట్ గాడిలో ముందు సైట్ నిలబడాలి, పైఅంచులు ఒకే గీత మీద ఉండాలి, రెండు పక్కలా వెలుతురు సమానంగా కనపడాలి. అక్కకు ఆ రోజు నేర్పాల్సింది ఇదొక్కటే. స్కోరు లెక్కపెట్టకండి.

ఇంకొకటి. ఎయిర్ పిస్టల్ దాదాపు కిలో ఉంటుంది. దాన్ని చాచిన ఒక్క చేత్తో ఎత్తాలి. అలవాటు లేని భుజం ఇరవై, ఇరవై ఐదు షాట్లకే అలిసిపోతుంది. మ్యాచ్‌లో మేం 75 నిమిషాల్లో 60 వేస్తాం గానీ ఆ ఓపిక రావడానికి నెలలు పట్టింది. పాతిక పెల్లెట్లు లెక్కపెట్టి చిన్న డబ్బీలో పోసి ఇవ్వండి, డబ్బా మొత్తం ముందు పెట్టొద్దు. మొదటి అరగంట పెల్లెట్ లేకుండా డ్రై ఫైరింగే చేయించండి.

పీలేరు మామిడి

డ్రై ఫైరింగ్ సంగతిలో నేను ఒప్పుకోను. ఆ అక్కకు ఆదివారమూ పని ఉంటుంది. కుట్టాల్సిన బట్టలు వదిలిపెట్టి వచ్చిన మనిషిని అరగంట ఖాళీ పిస్టల్ పట్టుకుని నిలబడమంటే రెండో వారం రాదు. మా అన్న కొడుకును అలాగే పోగొట్టుకున్నాం. మూడు రోజులు వరసగా హోల్డింగే, అంటే కాల్చకుండా పిస్టల్ ఎత్తి పట్టుకోవడమే, చేయించారు, నాలుగో రోజు వాడు క్రికెట్‌కు వెళ్ళిపోయాడు.

ముందు కాల్చనివ్వండి. టప్‌మని పేలి, పది మీటర్ల దూరంలో కాగితానికి తన వల్ల ఒక రంధ్రం పడిందని చూసుకుంటే మనిషి ముఖం మారిపోతుంది. ఆ ముఖం వచ్చాక ఎంతసేపు డ్రై చేయమన్నా చేస్తుంది.

పది పాయింట్ తొమ్మిది

పీలేరన్నా, నిజమే. నాకు పదహారేళ్ళప్పుడు మొదలైంది కాబట్టి ఓపిక అనేది వేరేగా ఉండింది. అయితే ఇలా చేద్దాం. హెడ్డు గారి పాఠం పది నిమిషాలు. ఆ తర్వాత బల్ల మీద ఇసకసంచి గానీ మడిచిన దుప్పటి గానీ పెట్టి, మణికట్టు దాని మీద ఆనించి ఐదు షాట్లు నిజంగా వేయించండి. ఆనించితే బరువు ఉండదు, ఊగులాట ఉండదు, ట్రిగ్గర్ ఒక్కటే మిగులుతుంది. ఆ ఐదూ దగ్గర దగ్గరగా పడతాయి. అది చూశాక డ్రై, ఆ తర్వాత చెయ్యి చాచి.

రేణిగుంట ప్యాసింజర్

చప్పుడంటే భయం అన్నారు కదా, ఆ మాట దగ్గర ఆగి నా సంగతి చెప్పాలి.

ఉద్యోగం కోసం వేరే ఊళ్ళో ఉన్నప్పుడు తెలిసినాయన రేంజ్‌కు తీసుకెళ్ళాడు. మొదటి రోజే మందుగుండుతో పేలే .22 పిస్టల్ చేతికిచ్చారు. చెవులకు ఏమీ పెట్టలేదు. పక్క లేన్‌లో ఎవరో ఇంకా పెద్దది పేలుస్తున్నారు. నా రెండో షాట్ సరిగ్గా ఆయన పేల్చిన క్షణంలోనే పేలింది. ఒళ్ళంతా అదిరింది. చుట్టూ ఉన్నవాళ్ళు అలవాటవుతుందిలే అన్నారు. అలవాటైంది వేరేది. ఆ తర్వాత ట్రిగ్గర్ మీద వేలు పెడితే చాలు, పేలకముందే కళ్ళు మూసుకుపోయేవి, మణికట్టు కిందికి దిగేది. దాన్ని పోగొట్టుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. మొదటి రోజు పది నిమిషాల్లో వచ్చింది ఎనిమిది నెలలు నాతో ఉంది.

పోగొట్టింది ఒక స్నేహితుడు. నేను చూడకుండా తను లోడ్ చేసి ఇచ్చేవాడు, ఒకసారి నిజంగా, ఒకసారి ఖాళీగా. ఖాళీది నొక్కినప్పుడు ముందు సైట్ గబుక్కున కిందికి పోవడం నాకే కనిపించేది. దాచుకోవడానికి ఏమీ ఉండదు. మెల్లమెల్లగా అది తగ్గింది.

తమ్ముడూ, ఎయిర్ పిస్టల్ చప్పుడు చిన్నదే, అయినా నాలుగు గోడల మధ్య పక్కపక్కన నలుగురు వేస్తుంటే కొత్త చెవులకు అది పెద్దదే. నురగ ఇయర్‌ప్లగ్‌లు ఒక జత కొనిపెట్టండి. వేలితో సన్నగా నలిపి చెవిలో పెట్టి, ఉబ్బేదాకా పట్టుకోవాలని నేర్పండి. వీలైతే జనం లేని వేళ చూసుకోండి.

చూపు తిరుచానూరు

నేను కళ్ళ పరీక్ష చేసేవాణ్ణి. షూటర్ని కాదు గానీ నా దగ్గరికి షూటర్లు వస్తారు.

40 దాటాక కంటికి దగ్గరి చూపు తగ్గుతుంది, అది సహజం. పిస్టల్‌లో చిక్కేమిటంటే వెనక సైట్, ముందు సైట్, కార్డు మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. స్పష్టంగా కనపడాల్సింది ముందు సైట్. అది కంటికి ఇంచుమించు మీటరు దూరంలో ఉంటుంది. మీ అక్క కుట్టుకు వాడే అద్దాలు 40 సెంటీమీటర్లకు కొలిచి ఇచ్చినవై ఉంటాయి. వాటితో ముందు సైటూ మసకే, కార్డు అయితే పొగమంచులో ఉన్నట్టు ఉంటుంది. అద్దాలు తీసేస్తే కార్డు బాగుంటుంది, సైటు మసక. రెండూ పనికిరావు.

దూరపు చూపుకు కావలసిన పవర్ మీద ప్లస్ 0.50 గానీ 0.75 గానీ కలిపితే ముందు సైట్ అంచు కత్తిరించినట్టు కనపడుతుంది, కార్డు కొంచెం మెత్తగా కనపడుతుంది. మీకు కావలసింది అదే. ఆదివారంలోపు కొత్త అద్దాలు చేయించలేరు, కాబట్టి దుకాణంలో ఎవరినైనా అడిగి ట్రయల్ ఫ్రేములో ఆ లెన్సు పెట్టి, ఆమెను కంటికి మీటరు దూరంలో ఏదైనా సన్నటి అంచు చూడమనండి. స్పష్టమైతే అదే పవర్.

ఆమెది ఏ కన్ను బలమో కూడా చూడండి. రెండు అరచేతులతో చిన్న సందు చేసి, రెండు కళ్ళూ తెరిచి, దూరంగా ఉన్న గడియారాన్ని ఆ సందులోంచి చూడాలి. తర్వాత ఒక్కొక్క కన్నూ మూయాలి. ఏ కన్ను మూస్తే గడియారం మాయమవుతుందో అదే బలమైన కన్ను.

గ్రీమ్స్‌పేట అమ్మ

బాబూ, మాది చిత్తూరు. మా పాప నాలుగేళ్ళు ఆడింది, నేను వెంట వెళ్ళేదాన్ని. షూటింగ్ నాకు రాదు. వెంట వెళ్ళేవాళ్ళకు తెలిసే సంగతులు చెప్తా.

చీర వద్దు. కొంగు, ముందు బల్ల, పిస్టల్ లివరు, ఈ మూడూ కలిస్తే ఇబ్బంది. చుడీదార్ వేసుకోమను, చున్నీ ఇంట్లో పెట్టేయండి. రెండో చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక కొత్తవాళ్ళు తికమక పడతారు. జేబు ఉన్న బట్టలైతే జేబులో పెట్టుకోవచ్చు. పారిస్‌లో తుర్కీ ఆయన యూసుఫ్ డికెచ్ అలా నిలబడి రజతం గెలిస్తే అందరూ ఆశ్చర్యపోయారు గానీ అది షూటర్లంతా చేసేదే. చెయ్యి ఒకచోట కుదురుగా ఉంటే భుజం ఊగదు. చదునైన బూట్లు వేసుకోవాలి. గాజులు తీసేయాలి, మణికట్టు మీద గ్రిప్‌కు అడ్డమొస్తాయి.

పెల్లెట్లు సీసంతో చేసినవి. వాటిని ముట్టుకున్న చేతులతో ఏమీ తినకూడదు, సబ్బుతో కడుక్కోవాలి. మా పాప మొదటి రోజు పెల్లెట్ పెదాల మధ్య పెట్టుకుంది, గుండుసూదులు పెట్టుకున్నట్టు. మీ అక్క కుట్టుపని మనిషి, సూదులు నోట్లో పెట్టుకునే అలవాటు ఉంటుంది. ముందే చెప్పు.

ఇంకోటి మనసులో పెట్టుకో. ఆమె వెనకాల నలుగురు మగవాళ్ళు చేరి తలా ఒక మాట చెప్పనివ్వొద్దు. మా పాప మానేద్దామనుకున్న ఒకే ఒక్క రోజు అలాంటిదే. చెప్పేది ఒక్కరే ఉండాలి, అది నువ్వే అయి ఉండాలి.

కొర్లగుంట తమ్ముడు

అమ్మా, నోట్లో సూదులు పెట్టుకునే అలవాటు ఉన్నమాట నిజమే. ఇది నాకు తట్టేది కాదు. చాలా థాంక్స్.

గడియారం పరీక్ష చేశాం. అక్క కుడిచేతి వాటం, బలమైన కన్ను ఎడమది. ఇప్పుడు ఏం చేయాలి? ఇంకో సందేహం, సైట్లు అంత ముఖ్యమా? చెయ్యి కదలకుండా ఉంచడం నేర్పితే మిగతాది వస్తుందని మా రేంజ్‌లో ఒకాయన అన్నారు.

పది పాయింట్ తొమ్మిది

కన్ను సంగతి సులువు. ఎడమ కన్ను ముందు తెల్లటి, వెలుతురు కొంచెం రానిచ్చే అట్టముక్క పెట్టండి, వెడల్పు 30 మిల్లీమీటర్లు మించకుండా. మ్యాచ్ రూలు కూడా అంతే. నల్లది వద్దు, ఎడమ కంటికి చీకటైతే దాని పాపతో పాటు కుడి కంటి పాపా పెద్దదవుతుంది. కన్ను గట్టిగా మూసుకోనివ్వకండి, ముఖమంతా బిగుసుకుంటుంది.

రెండో దానికి లెక్క చెప్తా, మీరే చూడండి. వెనక సైట్‌కూ ముందు సైట్‌కూ మధ్య దూరం సుమారు 350 మిల్లీమీటర్లు. కార్డు 10,000 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. చెయ్యి మొత్తం ఒక పక్కకు 5 మిల్లీమీటర్లు జరిగినా సైట్లు రెండూ వరసలోనే ఉంటే పెల్లెట్ కూడా 5 మిల్లీమీటర్లే జరుగుతుంది. పది రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, కాబట్టి అది ఇంకా పదే. అదే గాడిలో ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు పోతే కార్డు మీద 28 మిల్లీమీటర్లకు పైగా తప్పుతుంది. పది కావలసినది ఏడు అవుతుంది.

చెయ్యి కదలకుండా ఉండటం అనేది లేనే లేదు, మను భాకర్‌కైనా. గుండె కొట్టుకుంటుంది, ఊపిరి ఆడుతుంది, కిలో బరువు భుజం చివర వేలాడుతుంది. ఊగులాట చిన్నదవుతుంది గానీ పోదు. అది పోయే క్షణం కోసం ఎదురుచూసినవాళ్ళు, ‘ఇదిగో ఇప్పుడు’ అని ట్రిగ్గర్ గుంజుతారు. ఆ గుంజుడులోనే ముందు సైట్ పక్కకు పోతుంది. అక్కకు ఈ మాట మొదటి రోజే చెప్పండన్నా: ఊగనీ, ఊగుతుండగానే మెల్లగా నొక్కాలి.

మంగళం కుర్రోడు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. దీనికి లైసెన్సు కావాలా? నాకూ నేర్చుకోవాలని ఉంది.

చంద్రగిరి హెడ్డు

4.5 ఎంఎం గొట్టం, 20 జౌల్స్ మించని బలం ఉండే గాలి పిస్టల్‌కి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ పిస్టల్ బలం ఆరు జౌల్స్ లోపే. కొనేటప్పుడు గుర్తింపు కార్డు ఇయ్యాల. .22 అయితే పూర్తిగా వేరే కత, అది ఆయుధ చట్టం కిందికి వస్తాది, లైసెన్సు ఉండాల్సిందే.

లైసెన్సు వద్దు గదా అని బస్సులో బయటికి తీసి చూపించబాకు. చూసేవాళ్ళకు అది గాలిదో మరొకటో తెలీదు. తాళం వేసిన పెట్టెలోనే ఉండాల. రేంజ్ నించి అట్నే కొండకు పోదామనుకుంటే పెట్టె ఇంట్లో పెట్టి పో, అలిపిరి కాడ సామాన్లన్నీ స్కాన్ చేస్తారు. మెట్లదావన పోయి వచ్చిన మర్నాడు రేంజ్‌కు రాబాకు. 3,550 మెట్లు ఎక్కిన కాళ్ళు నిలబడమంటే నిలబడవు.

కొర్లగుంట తమ్ముడు

వెళ్ళొచ్చాం. రాత్రి పది దాటింది గానీ రాయకుండా నిద్ర పట్టేలా లేదు.

రేణిగుంట ప్యాసింజర్ అన్న మాట విని ఆరున్నరకే వెళ్ళాం. మా రేంజ్‌లో ఆరు లేన్లు, ఆ వేళకు మేమిద్దరమే. అక్క గాజులు తీసి కర్చీఫులో మూటకట్టి బ్యాగులో పెట్టింది. హెడ్డు గారూ, నాలుగు మాటలూ ఆమె చేత చెప్పించాను. ‘స్టాప్’ దగ్గర మొదటిసారి తప్పు చెప్పింది, బల్ల మీద పెట్టకుండా పిస్టల్ కిందికి దించి పట్టుకుంటానంది. మీరు చెప్పించమనకపోతే ఆ సంగతి నాకు తెలిసేది కాదు. మూడోసారి సరిగ్గా చేసి చూపించింది.

పెల్లెట్‌ను వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూసింది. నడుము సన్నగా, ఒకవైపు బోలుగా, బ్లౌజు హుక్కంత ఉంటుంది కదా. చదునైన వైపు ముందుకు వెళ్ళాలని చెప్తే ‘అందుకేనా కాగితానికి పంచ్ కొట్టినట్టు గుండ్రంగా పడుతుంది’ అని తనే అంది.

దుప్పటి మీద మణికట్టు ఆనించి ఐదు వేసింది. ఐదూ ఒక రూపాయి బిళ్ళ కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. పీలేరన్నా, మీరన్న ముఖం చూశాను. ఆ సంతోషంలో నిజంగానే ఎడమకు తిరగబోయింది, అంతలో తనే ఆగి పిస్టల్ బల్ల మీద పెట్టి, అప్పుడు నా వైపు తిరిగింది. నేను అప్పటికే చెయ్యి చాచి ఉన్నాను.

చెయ్యి చాచి వేసేటప్పుడు కష్టమొచ్చింది. ముందు పాదాల సంగతి చూశాం. కళ్ళు మూసుకుని చెయ్యి ఎత్తమని, తెరిచి చూడమన్నాను. పిస్టల్ పక్క లేన్ వైపు చూస్తోంది. చేతిని లాక్కురావద్దని వెనక కాలు నాలుగు వేళ్ళంత జరిపిస్తే సరిగ్గా మన కార్డు మీదికి వచ్చింది. ఆ తర్వాత తెల్ల కార్డు మీద పది వేసింది. పదీ అరచెయ్యంత మేర పడ్డాయి. ప్రతిసారీ దించేసి, ‘వణుకుతోందిరా, నా వల్ల కాదు’ అంటోంది. ఊగడం సహజమని చెప్తే నమ్మలేదు. నన్ను ఓదార్చడానికి చెప్తున్నావంది.

అప్పుడు నేను నా పిస్టల్ ఎత్తి, అక్క రెండు వేళ్ళు నా మణికట్టు కింద ఆనించి పెట్టుకోమన్నాను, ఖాళీ పిస్టల్‌తోనే. డ్రై వేశాను. నా చెయ్యి ఊగడం ఆమె వేళ్ళకు తెలిసింది. రెండేళ్ళ తర్వాత కూడా ఇంత ఊగుతుందా అంది. ఊగుతుందన్నాను. మళ్ళీ ఇంకోసారి వెయ్యమంది. ఈసారి కళ్ళు మూసుకుని వేళ్ళతోనే చూసింది. ‘ట్రిగ్గర్ ఎప్పుడు నొక్కావో తెలియలేదు’ అంది.

దాని తర్వాత ఇంక దించలేదు. చివరి తొమ్మిది నల్ల గుండ్రం వైపు తిప్పి వేయించాను. అన్నీ కార్డు మీదే పడ్డాయి, నాలుగు నలుపులో. ఎక్కువ భాగం కింద, ఎడమ వైపు, గడియారంలో ఏడు ఉండే చోట. మొత్తం 24. ఇంకొకటి మిగిలింది, వేస్తానంది, భుజం ఎత్తడం చూసి వద్దన్నాను. ఆ పెల్లెట్ కాగితంలో చుట్టి తెచ్చుకుంది.

కింద ఎడమకు ఎందుకు పోతున్నాయో చెప్పగలరా?

పది పాయింట్ తొమ్మిది

మణికట్టు మీద వేళ్ళు పెట్టించడం నేను ఎక్కడా చూడలేదన్నా. రేపు మా జూనియర్‌కు చేసి చూపిస్తా.

కుడిచేతివాళ్ళకు కింద ఎడమ అంటే చాలావరకు నొక్కే వేలితో పాటు మిగతా వేళ్ళూ బిగుస్తున్నాయని అర్థం. కానీ అక్క విషయంలో నాకు గ్రిప్ మీద అనుమానం. చిన్న చేతికి పెద్ద గ్రిప్ ఉంటే చూపుడువేలు మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ దాకా అందదు, కొసతో తోస్తారు. కొసతో తోస్తే తిన్నగా వెనక్కి కాకుండా పక్కకు పోతుంది. ఇప్పుడే సైట్ల స్క్రూలు తిప్పి గురి మార్చకండి. సైట్లు తిప్పితే తప్పు అక్కడే ఉంటుంది, రంధ్రాలు మాత్రం మధ్యకు వస్తాయి. ట్రిగ్గర్ బ్లేడును వెనక్కి జరిపే స్క్రూ ఉంటుంది, ముందు అది చూడండి. ట్రిగ్గర్ నొక్కడానికి కావలసిన బరువు మాత్రం 500 గ్రాముల కంటే తగ్గించకండి.

కొర్లగుంట తమ్ముడు

అక్క తనే రాస్తానంటోంది. కింది రాత ఆమెది.

అందరికీ నమస్కారం. మీరందరూ ముక్కూమొహం తెలియని నాకోసం ఇంత రాశారు. మావాడు శనివారం రాత్రి అన్నీ చదివి వినిపించాడు. చిత్తూరు అమ్మగారూ, పెల్లెట్ నోటి దగ్గరికి పోయింది, మీ మాట గుర్తొచ్చి ఆపాను.

ట్రిగ్గర్ సంగతి నాకు తొక్కుడు మిషను మీద తెలిసింది. జాకెట్టు మెడ మూల తిప్పేటప్పుడు కాలు బరువు కొంచెం కొంచెంగా వేస్తాం, సూది ఎప్పుడు దిగుతుందో కాలికి తెలియదు, గుడ్డ మీదే చూపు ఉంటుంది. ఒక్కసారిగా తొక్కితే కుట్టు ఎగిరి అవతల పడుతుంది. మావాడు ‘మెల్లగా నొక్కు’ అన్నప్పుడు అర్థం కాలేదు. వాడి మణికట్టు కింద వేళ్ళు పెట్టినప్పుడు అర్థమైంది. మళ్ళీ వెళ్తాను. ఇంట్లో చేతికి బలం రావడానికి ఏమైనా చేయవచ్చా?

చంద్రగిరి హెడ్డు

చేయొచ్చు తల్లీ. అర లీటరు నీళ్ళ సీసా నింపి, గోడకు ఎదురుగా నిలబడి చెయ్యి చాచి ఎత్తు. ఎనిమిది లెక్కపెట్టేదాకా ఉంచి దించు. అంతే సేపు ఆగు. మళ్ళీ ఎత్తు. రోజుకు పదిసార్లు చాలు. నొప్పి వస్తే ఆపు, కుట్టుపని చేసే భుజం అది. నెల పోయినాక లీటరు సీసా ఎత్తుకో. నిండా పీల్చి ఊపిరి బిగబట్టబాకు. ఎత్తేటప్పుడు పీల్చి, సగం వదిలి, ఆడ నిలుపు. పదికి మించి లెక్క పోతే షాట్ వేయకుండా దించేయాల, రేంజ్‌లో కూడా అంతే.

గ్రీమ్స్‌పేట అమ్మ

బాబూ, మీ పిస్టల్ ఏ మోడల్?

కొర్లగుంట తమ్ముడు

స్టెయిర్ ఎల్‌పి 10 అమ్మా, ఇంకొకరి దగ్గర కొన్నది. సిలిండర్ మీద తేదీ చూసే తీసుకున్నా, పదేళ్ళ గడువుకు ఇంకా నాలుగేళ్ళు ఉంది.

గ్రీమ్స్‌పేట అమ్మ

మా పాపదీ అదే. ఆమె పదమూడేళ్ళప్పుడు వాడిన చిన్న గ్రిప్ బీరువాలో ఉంది, చెక్క ఎక్కడా చీలలేదు. అరచేతి కింద ఆనే పలక స్క్రూ ఒక్కటి పోయింది, దాన్ని తిరుపతిలో వేయించుకోవచ్చు. మంగళవారం పనిమీద వస్తున్నా. కొర్లగుంటలో షాపు ఎక్కడో చెప్తే తెచ్చిస్తా. డబ్బులేమీ వద్దు.

కొర్లగుంట తమ్ముడు

అక్క రాసినది: అమ్మా, స్టాండు దగ్గర దిగి ఫోన్ చేయండి, తమ్ముడు వచ్చి తీసుకొస్తాడు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. పాప కొలత జాకెట్టు ఒకటి తెండి, గ్రిప్ ఉత్తినే తీసుకోను.